కుంకుడుకాయతో పోటీ

ఏ పల్లెకు వెళ్ళినా కిరాణా కొట్టు గుమ్మానికి దండలుగా వేలాడే షాంపూ ప్యాకెట్లు కనిపిస్తాయి. ఒకటి చింపితే ఒక తలంటుకు సరిపోతుంది. ఇప్పుడు ఇందులో ఎవరికీ వింత కనిపించదు. 1980ల మొదట్లో మాత్రం షాంపూ అంటే పట్నంలో, అదీ కాస్త కలిగిన ఇళ్ళ స్నానాల గదుల్లో, సీసాలో ఉండే సరుకు. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆ సీసా కొనాలంటే పొయ్యి సంగతి పక్కన పెట్టాలి. అమ్మకాల లెక్కలు మాత్రమే చూసిన వాళ్ళకు పల్లెకు షాంపూతో పనిలేదనే అనిపించేది. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ ఆ లెక్కను మరో వైపు నుంచి చూశాడు. పౌడరు, భేదిమందు ఉప్పు లాంటివి చిన్న చిన్న ప్యాకెట్లలో నింపి అమ్మితే కూలి మనిషి కూడా కొనగలుగుతాడన్నది ఆయన నమ్మకం. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ పేరుతో షాంపూను ప్యాకెట్లలో తెచ్చారు. వాళ్ళలో ఒకరైన సి.కె.రంగనాథన్ కుటుంబ వ్యాపారం నుంచి బయటికి వచ్చి, 1983లో 15,000 రూపాయలతో తండ్రి పేరులోని అక్షరాలు కలిసొచ్చేలా చిక్ అనే షాంపూ మొదలుపెట్టారు. ఇప్పటి కెవిన్‌కేర్ కంపెనీకి పునాది అదే.

ఈ కథను చాలామంది ధర తగ్గించిన కథగా చెబుతారు. ధర ముఖ్యమే. చిక్ ప్యాకెట్టు ఒక దశలో అర్ధరూపాయికి దొరికింది. జేబులో ఉన్న ఒక్క నాణెంతో పని అయిపోయేది. కానీ అసలు సంగతి ధరకు ముందే ఉంది. ఆ షాంపూకు పోటీ మరో కంపెనీ షాంపూ కాదు, కుంకుడుకాయ. మన ఇళ్ళలో కుంకుడుకాయ, తమిళ ఇళ్ళలో సీకాయ. కుంకుడుకాయలు కొట్టి గింజ తీయాలి, వేడినీళ్ళలో నానబెట్టాలి, పిసికి రసం తీయాలి, కళ్ళలో పడితే మంటకు ఓర్చుకోవాలి, చివర జుట్టులో ఇరుక్కున్న పొట్టు ఏరుకోవాలి. తీరుబడి ఉన్న ఇంట్లో ఇది ఆదివారం వేడుక. తెల్లవారుజామున నాట్లకో కలుపుకో వెళ్ళే ఆడమనిషికి అది మరో చాకిరీ. షాంపూ ఆమెకు అమ్మింది ఆ చాకిరీ నుంచి విడుదలను. ఆ తర్వాత వచ్చిన ప్రతి అడుగూ ఈ గ్రహింపు నుంచే పుట్టింది. దక్షిణాది ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకుంటారు గనుక మల్లె, గులాబీ వాసనలతో షాంపూ తెచ్చారు. షాంపూ వాడటం తెలియని ఊళ్ళలో ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి అందరి ముందూ తలస్నానం చేయించి, ఆ జుట్టు తాకి చూడమన్నారు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే కొత్త ప్యాకెట్టు ఉచితంగా ఇచ్చారు. కొలిచి చూస్తే మన దేశంలో చాలాకాలం ప్యాకెట్టులోని షాంపూ సీసాలోని దానికంటే చవగ్గానే పడింది. పేదవాడు చిన్న మొత్తంలో కొంటే ఎక్కువ ధర పెట్టాల్సి వస్తుందన్న మామూలు సూత్రం ఇక్కడ తలకిందులైంది.

మార్కెటింగ్ పాఠ్యపుస్తకాలు ఇదంతా మూడు మెట్లుగా చెబుతాయి. ఆకలి అవసరం. బిర్యానీ తినాలనుకోవడం కోరిక. ఆ కోరిక వెనక కొనే స్తోమత కూడా ఉంటే అది గిరాకీ. ఫిలిప్ కాట్లర్ పుస్తకాలు చదివిన ప్రతి విద్యార్థికీ ఇది తెలుసు. అంతకుముందే, 1960లో, హార్వర్డ్ ఆచార్యుడు థియొడర్ లెవిట్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో అమెరికా రైలు కంపెనీల పతనానికి కారణం చెప్పాడు. తమ వ్యాపారం రైళ్ళు నడపడం అని వాళ్ళు అనుకున్నారు, జనానికి కావలసింది మాత్రం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడం. ఈ విభజనలన్నీ సరైనవే, పనికొచ్చేవే. కానీ ఒక ఊరి కొట్టు ముందో, ఒక కొత్త సరుకు ముందో నిలబడినప్పుడు ఎదురయ్యే ప్రశ్నకు ఇవి సమాధానం చెప్పవు. ఎదుటి మనిషి అవసరం ఏమిటో కనుక్కోవడం ఎలా? నా వాదన ఒక్కటే. ఏం కావాలని అడిగితే తెలిసేది తక్కువ. ఆ పనిని ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో చూస్తే తెలిసేది ఎక్కువ. ఏ కొత్త సరుకూ ఖాళీ స్థలంలోకి రాదు. అంతకుముందే అక్కడ ఒక అలవాటు, ఒక సర్దుబాటు, ఒక పాత వస్తువు ఉంటుంది. అసలు పోటీ దానితోనే.

అడిగి తెలుసుకోవడం ఎంత మోసం చేయగలదో చెప్పడానికి కోకకోలా కంపెనీ అనుభవాన్ని మించింది లేదు. 1985 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అమెరికాలో తన పానీయం తయారీనే మార్చేసింది. అలా మార్చడానికి ముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి అడిగింది. కొత్తదే బాగుందని ఎక్కువమంది చెప్పారు. వాళ్ళు అబద్ధమాడలేదు. చిన్న కప్పులో ఒక గుక్క తాగినప్పుడు తియ్యటిదే నచ్చుతుంది. తీరా పాతది దుకాణాల్లో లేకుండా పోయేసరికి జనం ఉత్తరాలతో, ఫోన్లతో విరుచుకుపడ్డారు. మూడు నెలలు తిరక్కుండానే జూలైలో కంపెనీ పాత కోలాను వెనక్కి తెచ్చింది. ఏది రుచి అన్న ప్రశ్నకు సమాధానం దొరికింది గానీ, ఆ సీసా జనం జీవితంలో ఏ చోట కూర్చుందో ఎవరూ అడగలేదు. మన దేశానికి 1994లో వచ్చిన కెల్లాగ్స్ కథ ఇంకా సులువుగా అర్థమవుతుంది. కార్న్ ఫ్లేక్స్ చల్లని పాలలో కరకరలాడుతూ తినాల్సినవి. మనవాళ్ళు పాలు కాచి వేడిగా పోసుకున్నారు, అవి మెత్తబడి ముద్దయ్యాయి. వాటికి ఎదురుగా ఉన్నది మరో పెట్టెలోని ఫ్లేక్స్ కాదు, పొగలు కక్కే ఇడ్లీ, ఉప్మా, పరాటా. తరవాత ఆ కంపెనీ రుచుల్లోనూ, ప్యాకెట్ల సైజుల్లోనూ మార్పులు చేసుకుని నిలదొక్కుకుంది.

ఇక టాటా నానో. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగింది నిర్లక్ష్యం వల్ల కాదు. వర్షంలో తడుస్తూ ఒకే స్కూటర్ మీద వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పారు. తండ్రి నడుపుతుంటే ముందు ఒక పిల్లవాడు నిలబడి, వెనక తల్లి ఒళ్ళో చంటిబిడ్డతో ఉండే దృశ్యం మన రోడ్ల మీద రోజూ కనిపించేదే. దాన్ని చూసి, ఆ కుటుంబానికి క్షేమమైన ప్రయాణం కావాలని అనుకోవడంలో మనసు ఉంది, చూపూ ఉంది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారు అని దాన్ని చూపించినప్పుడు ప్రపంచమంతా తిరిగి చూసింది. బెంగాల్‌లోని సింగూరులో భూసేకరణ గొడవ ముదిరి ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సానంద్‌కు మారింది. అయినా 2009లో అమ్మకం మొదలవగానే 2 లక్షలకు పైగా బుకింగులు వచ్చాయి, అదీ ముందుగా డబ్బు కట్టి. ఇంతకంటే గట్టి గిరాకీ ఇంకేం కావాలి? కానీ ఏడాదికి 2.5 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ తన అత్యుత్తమ సంవత్సరమైన 2011-12లో కూడా 75,000 దాటలేదు. 2018 జూన్‌లో అక్కడ తయారైన నానో ఒకే ఒక్కటి.

ఫ్యాక్టరీ ఆలస్యం, కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు నానోను దెబ్బతీశాయి, నిజమే. అయితే లోపల ఇంకో లెక్క ఉంది. స్కూటర్ మీద వెళ్ళే కుటుంబం నానోను దేనితో పోల్చి చూస్తుంది? ఆ స్కూటర్ సందులో పడుతుంది, ఇంటి అరుగు పక్కన ఒదుగుతుంది, లీటరు పెట్రోలుకు కారుకంటే చాలా దూరం వస్తుంది, చెడిపోతే వీధి చివర మెకానిక్ బాగుచేస్తాడు. కారు అంటే పెట్రోలు, ఇన్సూరెన్స్, ఎక్కడ పెట్టాలన్న బెంగ. అంతా భరించగలిగే ఇల్లు ఆ డబ్బుకే సెకండ్ హ్యాండ్ మారుతిని చూస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. మన మధ్యతరగతి ఇంట్లో కారు కొన్న రోజున గుడి ముందు నిమ్మకాయలు తొక్కిస్తారు, కొబ్బరికాయ కొడతారు, స్వీట్లు పంచుతారు, బంధువుల ఇళ్ళకు తీసుకెళ్ళి చూపిస్తారు. కారు ఆ ఇంటి ఎదుగుదలకు ఊరందరి ముందూ ఇచ్చుకునే సాక్ష్యం. అలాంటి వస్తువును అన్నిటికంటే చవకైనది అని ప్రచారం చేస్తే కొన్నవాడు ఆ మాటను కూడా ఇంటికి తెచ్చుకోవాలి. చవక ముద్ర నానోకు నష్టం చేసిందని తరవాత రతన్ టాటా కూడా బహిరంగంగా ఒప్పుకున్నారు. వాన నుంచి రక్షణ ఆ కుటుంబానికి నిజంగానే అవసరం. కానీ అదొక్కటే వాళ్ళ అవసరమని అనుకోవడం వాళ్ళను తక్కువగా చూడటం. పరువు కూడా పేదవాడి నెలసరి ఖర్చుల లెక్కలో ఉంటుంది. దాన్ని విలాసమని కొట్టిపారేసే హక్కు అమ్మేవాడికి లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. జనం ఇప్పుడు చేస్తున్నది చూస్తూ కూర్చుంటే అసలు కొత్తది ఎలా పుడుతుంది? ఎవరూ అడగని వస్తువులే కదా ప్రపంచాన్ని మార్చింది? దీనికి ఉదాహరణగా చాలామంది సోనీ వాక్‌మన్‌ను చూపిస్తారు. రికార్డు చేయలేని టేప్ రికార్డర్ ఎవరు కొంటారని కంపెనీలోనే అనుమానం పుట్టింది. సోనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మొరిటా సర్వేలను నమ్ముకోకుండా 1979లో దాన్ని జపాన్ మార్కెట్లోకి తెచ్చాడు, అది ప్రపంచమంతా పాకింది. కానీ ఆ కథ మొదలు ఎక్కడుందో చూడండి. సోనీ స్థాపకుల్లో మరొకరైన మసరు ఇబుకా సంగీతం వినడం కోసం బరువైన టేప్ రికార్డర్‌నూ హెడ్‌ఫోన్లనూ మోసుకు తిరిగేవాడు, అది బరువని చెప్పుకున్నాడు. కుర్రకారు ఎక్కడికెళ్ళినా పాట వెంట ఉండాలనుకోవడం మొరిటా కళ్ళారా చూశాడు. ఆయన పక్కన పెట్టింది అడగడాన్ని, చూడటాన్ని కాదు. కొత్త వస్తువు ఎంత కొత్తదైనా అది పాత ఇబ్బందికే జవాబుగా వస్తుంది. ఆ ఇబ్బందిని మోస్తున్న మనిషి దానికి అలవాటుపడిపోయి పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు. పక్కనుంచి ఓపిగ్గా చూసేవాడికి తెలుస్తుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే లోతైనది, దాన్ని తేలిగ్గా దాటవేయకూడదు. అవసరాన్ని అర్థం చేసుకోవడం అంటున్నారు గానీ, కంపెనీలు చేసేది అవసరాన్ని పుట్టించడమే కదా? ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ 1958లోనే ఈ మాట అన్నాడు. సరుకు తయారుచేసేవాళ్ళే ప్రకటనలతో కోరికలను కూడా తయారుచేస్తుంటే, ఆ కోరికలు తీర్చడాన్ని సేవ అనడం సరికాదన్నది ఆయన వాదన. మన ముందే దీనికి సాక్ష్యం ఉంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, రంగు తక్కువైతే ఉద్యోగం రాదని, పెళ్ళి కాదని దశాబ్దాలపాటు ఆడపిల్లలకు చెప్పింది. ప్రపంచమంతా వర్ణవివక్ష మీద చర్చ రేగాక 2020లో పేరు మార్చుకుంది. ఆ ప్రకటనలు రాసినవాళ్ళకు జనం మనసు తెలియదని ఎవరూ అనలేరు, చాలా బాగా తెలుసు. పెళ్ళిచూపుల్లో కూర్చున్న అమ్మాయి గుండెల్లో ఉండే భయం వాళ్ళకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఆ తెలివితో వాళ్ళు భయాన్ని తగ్గించలేదు, పెంచి పోషించారు. కాబట్టి మనిషిని చదవగలగడం దానంతట అదే మంచి గుణం కాదని గాల్‌బ్రెయిత్ పక్షాన ఒప్పుకోవాలి. అయితే ఈ రెండు రకాల అమ్మకాలను విడదీసే గీత ఒకటి ఉంది. ఆ సరుకూ దాని ప్రకటనా రేపటి నుంచి లేకుండా పోతే కొనేవాళ్ళ ఇబ్బంది పెరుగుతుందా, తగ్గుతుందా? షాంపూ ప్యాకెట్టు మాయమైతే నాట్లకు వెళ్ళే ఆడమనిషి మళ్ళీ కుంకుడుకాయలు కొట్టుకోవాలి. రంగు క్రీము ప్రకటనలు మాయమైతే సమాజంలో పాతుకుపోయిన రంగు పిచ్చి ఒక్కరోజులో పోదు గానీ, దానికి రోజూ నీళ్ళుపోసే చెయ్యి ఒకటి తగ్గుతుంది. మొదటిది అవసరం తీర్చడం, రెండోది గాయాన్ని మానకుండా ఉంచి మందు అమ్మడం.

షాంపూ ప్యాకెట్టును కూడా మచ్చలేనిదిగా చూపడం న్యాయం కాదు. పొరలు పొరలుగా అతికించిన ఆ ప్లాస్టిక్‌ను మళ్ళీ వాడుకోవడం చాలా కష్టం. చెత్త బండి రాని ఊళ్ళో ఆ ముక్క చివరికి చేరేది మురికికాలువకో చెరువు గట్టుకో. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు గుట్కా, పొగాకు, పాన్ మసాలా ప్లాస్టిక్ ప్యాకెట్లను నిషేధించాయి, మిగతా వాటి విషయంలో చెత్తను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. ఇందులో నాకు కనిపించేది అదే తప్పు, మరో చోట. కంపెనీ కొనేవాడి రోజును ప్యాకెట్టు చింపేదాకా చూసింది, చింపిన తరవాత చూడలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.కె.ప్రహ్లాద్ 2004లో రాసిన పుస్తకంతో ఈ చిన్న ప్యాకెట్లు పేదరికానికే మందు అన్నంత ప్రచారం జరిగింది. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన అనీల్ కర్నాని దాన్ని గట్టిగా ఖండించాడు. పేదవాడికి సరుకు అమ్మడం వల్ల అతని పేదరికం పోదు, అతని దగ్గర కొనడం వల్ల, అతని ఆదాయం పెరగడం వల్ల పోతుందన్నాడు. నా ఓటు ఆయనకే. ప్యాకెట్టు ఆ ఆడమనిషికి పొద్దుటి పూట కొంత సమయం మిగిల్చింది, అంతవరకే. దాని మీద అంతకు మించిన గొప్పలు వేలాడదీయకూడదు.

ఇదంతా కంపెనీల గొడవ, మనకేమిటి అనుకునేవాళ్ళు వంటగ్యాస్ సంగతి చూడాలి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. పేద ఇళ్ళలోని డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ తానే కట్టింది. ఆలోచన గొప్పది. కట్టెల పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, పుల్లలు ఏరుకు రావడానికి గంటలు పడుతుంది. కనెక్షన్లు లక్షల్లో ఇచ్చారు. కానీ తరవాత చేసిన పరిశీలనల్లో చాలా ఇళ్ళు సిలిండర్లు అరుదుగా నింపించుకుంటున్నాయని, కట్టెల పొయ్యి ఆరలేదని తేలింది. 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకంలోనూ అదే జరిగింది. లబ్ధిదారులు ఏడాదికి సగటున మూడు సిలిండర్లకు కాస్త పైనే వాడుతున్నారని కాగ్ 2019 నివేదికలో చెప్పింది. వాళ్ళకు గ్యాస్ విలువ తెలియదనో, పాత అలవాటు మానరనో అనడం తేలిక. ఎవరినైనా అడిగి చూస్తే గ్యాస్ కావాలనే అంటారు, అది నిజం కూడా. మళ్ళీ పాత ప్రశ్నే వేసుకోవాలి: ఆ పని ఇప్పుడెలా నడుస్తోంది? గట్టు మీద ఏరుకొచ్చిన కంపకు, పత్తి కట్టెకు పైసా ఇవ్వక్కర్లేదు. ఖర్చయ్యేది ఆడమనిషి ఒంట్లో శక్తి, ఆమె సమయం, ఆమె ఊపిరి. ఇంటి లెక్కల్లో వీటికి ధర కట్టేవారు లేరు. ఇటువైపు 14.2 కిలోల సిలిండర్ ఉంది, దాని ధర ఒక్కసారే మొత్తంగా ఇవ్వాలి. వారం వారం కూలి వచ్చే ఇంటికి అది 1980ల నాటి షాంపూ సీసా.

చిన్న 5 కిలోల సిలిండర్లు ఉన్నాయి. వాటి వల్ల కొంత మేలు, కానీ ఉచితంగా దొరికే కట్టె ముందు అదీ డబ్బు పెట్టి కొనాల్సిందే. అందుకే ప్రభుత్వాలు రాయితీ వైపు వెళ్ళాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయలకే సిలిండర్ పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది చివర్లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. ఈ రెండూ పెద్ద సాయమే. అయితే అమలు తీరులో ఒక చిన్న మెలిక ఉండేది. రెండు చోట్లా పథకాలు మొదలైనప్పుడు సిలిండర్ ఇంటికి వచ్చిన రోజున పూర్తి ధర కట్టాల్సి వచ్చేది, రాయితీ డబ్బు తరవాత బ్యాంకు ఖాతాలో పడేది. జీతం వచ్చే ఇంటికి ఈ రెండు మూడు రోజుల తేడా లెక్కలోకి రాదు. కూలి డబ్బు ఆదివారం చేతికి వచ్చి, కిరాణా బాకీకి పోయి, మంగళవారానికి డబ్బా అడుగున చిల్లర మిగిలే ఇంట్లో గ్యాస్ అయిపోయేది బుధవారమైతే, ఆ పూర్తి ధర ఆ ఒక్క రోజుకు ఎక్కడ పుడుతుందన్నదే ప్రశ్న. రాయితీ డబ్బును ముందే ఖాతాలో వేయడమా, సిలిండర్ ఇచ్చేటప్పుడే తగ్గించి తీసుకోవడమా, డ్వాక్రా సంఘం నుంచి ఆ రెండు రోజులకు వడ్డీలేని బదులు ఇప్పించడమా అన్నవి సచివాలయంలో తేలగల విషయాలు. వాటిలో ఏది నడుస్తుందో తేల్చడానికి మాత్రం ఎవరో ఒకరు ఆ ఇంటి డబ్బాను ఆదివారం నుంచి శనివారం దాకా చూడాలి.